ఎవరో ఆపారు

ల్యాప్‌టాప్ ఈసారి మూత్రపిండాల దగ్గర ఆగిపోయింది. నిన్న వెన్నుపూస దగ్గర, మొన్న పిత్తాశయం దగ్గర. చెవుల్లో డాక్టరు గొంతు మాట మధ్యలో తెగింది, తెర నల్లబడింది, అడుగున ఫ్యాను చప్పుడు కూడా సద్దుమణిగింది. పొద్దున ఇంటిపని తెమల్చుకుని కూర్చున్నప్పటినుంచి టైపు చేసిందంతా ఆ నలుపులో కలిసిపోయింది.

"చచ్చావా?" అంది ఆమె దానితోనే.

"మళ్లీనా?" అన్నారు వంటింట్లోంచి అత్తగారు. ఆ మాటలో జాలి ఎంతో, విసుగు ఎంతో తేల్చుకునే ఓపిక ఆమెకి లేకపోయింది.

ఆమె పని వినడం, విన్నది టైపు చెయ్యడం. ఆస్పత్రుల్లో డాక్టర్లు రోగిని చూశాక రికార్డరులో గబగబా నాలుగు మాటలు చెప్పి పడేస్తారు. అవి గుదిగుచ్చి ఆఫీసు నుంచి ఫైళ్లుగా వస్తాయి. బల్ల కింద కుట్టుమిషను పెడల్ లాంటిది ఒకటుంటుంది. మునివేళ్లతో నొక్కితే గొంతు ముందుకి నడుస్తుంది, మడమతో నొక్కితే వెనక్కి వస్తుంది. రోగుల సంగతులు ఎవరిళ్లల్లోనూ మిగిలిపోకూడదని ఆఫీసువాళ్లు గట్టి ఏర్పాటు చేశారు. ఫైలు మొత్తం పూర్తిచేసి పంపితే తప్ప వాళ్ల సాఫ్ట్‌వేర్ ఒక్క అక్షరం కూడా దాచుకోదు. మధ్యలో ఆగిందా, మళ్లీ మొదటికి రావలసిందే.

పోనీ ఆగడమైనా ఎప్పుడు పడితే అప్పుడు ఆగితే అదో దారి. మిగతా డాక్టర్ల దగ్గర నోట్లో వేలు పెడితే కొరకనట్టు ఉంటుంది. నమిలే డాక్టరు రాగానే మొరాయిస్తుంది.

నమిలే డాక్టరంటే ఆమె పెట్టుకున్న పేరు. ఆయన ప్రతి వాక్యాన్నీ చక్కగా మొదలుపెడతాడు, చివరికొచ్చేసరికి నోట్లోనే నమిలేస్తాడు. "రోగికి గుండెజబ్బు" అని స్పష్టంగా అంటాడు, ఆ తర్వాత ఉందో లేదో ఆయనకీ దేవుడికీ తెలియాలి. అసలు సంగతంతా ఆ చివరి మాటలోనే ఉంటుంది కదా. ఆయన నమిలినప్పుడల్లా ఆమె టైపు ఆపేసి, కుడిచేత్తో హెడ్‌ఫోన్‌ని చెవికి అదిమిపట్టి, ఎడమచెయ్యి ల్యాప్‌టాప్ అంచు మీద వాల్చి, కళ్లు మూసుకుని చెవులు రిక్కించి వింటుంది. మడమతో వెనక్కి, మళ్లీ వెనక్కి. ఊహించి రాయడానికి ఇదేం పేపర్లో వార్త కాదు, ఒక మనిషి ఒంట్లో సంగతి.

సరిగ్గా ఆ మాట అందబోయేసరికి ల్యాప్‌టాప్ ఆగిపోతుంది.

ఆమె చెయ్యని ప్రయత్నం లేదు. హెడ్‌ఫోన్ మార్చింది. ఛార్జరు వేరే ప్లగ్గుకి మార్చింది. గాలి ఆడడం లేదేమోనని ల్యాప్‌టాప్ కింద రెండు లావుపాటి పుస్తకాలు ఎత్తుపెట్టింది. పడగ్గది కిటికీ పక్కనుంచి భోజనాల బల్ల మీదికి సంసారం మార్చింది. ఆయన ఫైళ్లలోనే ఏదో వైరస్ ఉందని ఆఫీసుకి ఫోన్ చేసి మరీ చెప్పింది.

"అవే ఫైళ్లు ఇంకొకళ్లకిచ్చి చూశామండీ," అంది సూపర్‌వైజరు. ఆవిడ గొంతు ఎప్పుడూ మర్యాదగానే ఉంటుంది, ఇస్త్రీ చేసినట్టు. "వాళ్లకి ఏ ఇబ్బందీ రాలేదు. మీ దగ్గరే ఆగుతోంది."

ఫోన్ పెట్టేసి ఆమె బటన్ నొక్కింది. ల్యాప్‌టాప్ ఏమీ ఎరగనట్టు నిద్రలేచింది.

*

సాయంత్రం మరిది వచ్చీ రాగానే చేతులు కడుక్కుని ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. ఇంట్లో అతన్ని ఇంజినీరు అంటారు. చదివింది వేరే, చేసేది వేరే, కానీ ఇంట్లో ఏది పాడైనా విప్పేది అతనే. విప్పిన ప్రతిదాన్నీ మళ్లీ బిగిస్తాడు కూడా, కాకపోతే చివర్లో ఒక స్క్రూ మిగులుతుంది. మిగిలిన స్క్రూలన్నీ అత్తగారు ఒక చిన్న డబ్బాలో వేసి ఉంచారు.

"ఏ ఫైలు వదినా?"

ఆమె నమిలే డాక్టరు ఫైలు పెట్టింది. మరిది హెడ్‌ఫోన్ పెట్టుకుని, కీబోర్డు మీద ఇష్టమొచ్చినట్టు టకటకా కొట్టాడు. మొత్తం ఫైలు మొదటినుంచి చివరిదాకా నడిచింది. ఇంకోటి పెట్టాడు. అదీ నడిచింది. ల్యాప్‌టాప్ అతని చేతిలో పెంపుడు పిల్లిలా ఒదిగిపోయింది.

"దీనికేం? బ్రహ్మాండంగా ఉంది."

"నా దగ్గర ఆగిందయ్యా. ఇవాళే ఆగింది. అత్తయ్యగారిని అడుగు."

"నేను చూడలేదమ్మాయ్, విన్నానంతే," అన్నారు అత్తగారు నిజాయితీగా.

మరిది నవ్వాడు. "నీ చేతివాటం తేడా వదినా. మూత ధడాలున వేసేస్తావని, సంచిలో ఉండి ఛార్జింగ్ తినేస్తోందని, మూత వేస్తే చాలు పూర్తిగా ఆగిపోయేలా అప్పుడే పెట్టి ఇచ్చా కదా. అంతకంటే దానికి ఏం సేవ చెయ్యను?"

ఆమె భర్త పళ్లెం ముందునుంచి, "కొంచెం మెల్లగా వాడాలేమో," అన్నాడు. ఎవరినీ నొప్పించకుండా మాట్లాడడం అతని గుణం. ఆ మాట తిన్నగా వచ్చి ఆమెకే తగిలింది.

మర్నాడు అత్తగారు బల్ల అవతలి కుర్చీలో కూర్చుని చిరిగిన దిండుగలీబు కుడుతున్నారు. సూది చేజారింది. ఆవిడ కళ్లజోడు సర్దుకుని కింద వెతికి, దొరక్క, "ఏదమ్మాయ్, చెయ్యి ఇలా తే," అని ఆమె ఎడమచేతిని పుచ్చుకుని నేల మీద అటూ ఇటూ తిప్పారు. సూది ఎక్కడినుంచో ఎగిరొచ్చి ఆమె కడియానికి అతుక్కుంది.

"చూశావా? ఈ కడియం ఉత్త డబ్బా అన్నాడు మీ ఇంజినీరు," అన్నారు అత్తగారు గర్వంగా.

అది అయస్కాంతపు కడియం. కీళ్లనొప్పులకి మంచిదని ఎవరో చెబితే ఆవిడే కొనుక్కున్నారు. ఈమధ్య కోడలు మణికట్టు పట్టుకుని మూలగడం చూసి, ఏమీ అనకుండా తన చేతినుంచి తీసి ఆమె చేతికి తొడిగారు. పెళ్లయి వచ్చాక ఆవిడ అడక్కుండా ఇచ్చిన వస్తువు అదొక్కటే. కాస్త వదులు. అంట్లు తోమేటప్పుడు మోచేతి దాకా ఎగదోసుకుంటే, పనిలో పడ్డాక మెల్లగా జారి మళ్లీ మణికట్టు మీదికి వస్తుంది. నొప్పి తగ్గిందో లేదో ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు. తీసెయ్యాలని మాత్రం అనిపించలేదు.

*

రిపేరు షాపులో ల్యాప్‌టాప్ ఒక రోజంతా ఉంది. ఆమె తీసుకోవడానికి వెళ్లేసరికి మెకానిక్కు కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుని, చిన్న బ్రష్షుతో ఎవరిదో కీబోర్డు దులుపుతున్నాడు.

"ఒక్కసారి కూడా ఆగలేదమ్మా. పొద్దున్నుంచి సినిమాలు పెట్టి వదిలేశా."

ఒంటి మీద చీమలు పాకినట్టయింది ఆమెకి. ఇంటి దగ్గర గొంతు చించుకున్న పిల్లాడు డాక్టరు దగ్గరికి తీసుకెళితే నవ్వుతూ కూర్చుంటాడే, అలా ఉంది. "ఆగుతుందండీ. నిజంగా ఆగుతుంది."

"ఆగిందని నేనూ ఒప్పుకుంటున్నా. ఎప్పుడెప్పుడు ఆగిందో ఇది లోపల గుర్తుపెట్టుకుంటుంది." అతను తెర ఆమె వైపు తిప్పాడు. "కానీ దానంతట అది కూలిపోతే ఒక రకంగా కనిపిస్తుంది, మనం ఆపితే ఇంకో రకంగా కనిపిస్తుంది. ఇవన్నీ పద్ధతిగా ఆపినవే. ఎవరో ఆపారు."

"ఎవరు ఆపుతారండీ? నేనొక్కదాన్నే కదా ముందు కూర్చునేది!"

అతను ఇబ్బందిగా చూసి, మళ్లీ బ్రష్షు అందుకున్నాడు. అతని మొహంలో జవాబు కనబడింది.

ఇంటికి వచ్చేదాకా ల్యాప్‌టాప్ సంచి ఆమె భుజాన్ని కోస్తూనే ఉంది. నేనే ఆపుతున్నానా? ఆ ప్రశ్న తన లోపలినుంచే రావడం ఆమెని హడలగొట్టింది. కళ్లు మూసుకుని వింటున్నప్పుడు ఏ వేలో ఎక్కడో పడుతోందా? తనకే తెలియకుండా? ఇంటికి రాగానే కళ్లు మూసుకుని టైపు చేసి చూసింది. ఏమీ కాలేదు. కావలసినప్పుడు అదీ కాదు.

సూపర్‌వైజరు ఫోన్ గురువారం వచ్చింది.

"మా వైపునుంచి కూడా చూశామండీ. మీ మిషన్ క్రాష్ అవ్వట్లేదు. మూసేస్తున్నట్టు వస్తోంది. అదీ ఆ ఒక్క డాక్టరు ఫైళ్లకే." గొంతు మర్యాద ఏమాత్రం నలగలేదు. "ఆయన డిక్టేషన్ కష్టమని అందరికీ తెలుసు. కష్టంగా ఉందని చెబితే సరిపోయేది. ఇలా మధ్యలో ఆపేసి, మిషన్ మీద పెట్టడం..."

"నేను ఆపలేదండీ."

"నేను వాదించడానికి చెయ్యలేదు. రేపు సాయంత్రం మళ్లీ చేస్తాను. పొరపాటైంది, ఇకమీదట ఆపను అని మీరొక్క మాట చెబితే ఇంతటితో వదిలేద్దాం. లేదంటే మీకు ఫైళ్లు పంపడం కుదరదు."

ఆమె చెవికి ఫోన్ అలాగే పెట్టుకుని నిలబడింది. ఉద్యోగం పోతుందన్న భయం ఒక పక్క నిజమే. కానీ దాన్ని మించింది ఇంకోటుంది. ఒక్క చివరి మాట కోసం ఒకే ముక్కని పదిసార్లు వెనక్కి తిప్పుకుని వినే మనిషిని పట్టుకుని, పని ఎగ్గొట్టడానికి నాటకమాడుతున్నావంటున్నారు.

భర్తకి చెబితే అతను చాలాసేపు ఆలోచించి, "అనేస్తే పోలా?" అన్నాడు.

"ఏమని?"

"అదే, పొరపాటైందని. మాటేగా. ఆవిడకీ తృప్తి, నీకూ పని ఉంటుంది."

"చెయ్యనిది చేశానని చెప్పాలా?"

"చేశావని ఎవరన్నారు? చెబితే ఏం పోతుంది అంటున్నా."

"మీరూ నేనే ఆపానని అనుకుంటున్నారు కదూ?"

అతను నీళ్లు నమిలాడు. ఆ చివరి మాట వినడానికి ఏ పెడలూ నొక్కక్కర్లేకపోయింది.

*

శుక్రవారం మధ్యాహ్నం ఆమె అంట్లు విసురుగా తోమింది. కడియం మాటిమాటికీ జారుతుంటే చిరాకేసి తీసి కుళాయి మీద పెట్టింది. అది టక్కున కుళాయిని కరుచుకుంది. చేతులు తుడుచుకుని వచ్చి, ఎలాగూ ఆఖరి రోజే అనుకుంటూ నమిలే డాక్టరు ఫైళ్లు వరసగా పెట్టుకుంది.

మొదటిది నడిచింది. రెండోదాంట్లో ఆయన ఊపిరితిత్తుల దగ్గర మొదలుపెట్టి ఎక్కడో గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. ఆమె కళ్లు మూసుకుని, చెయ్యి వాల్చి, మడమతో వెనక్కి తిప్పి తిప్పి ఆ మాటని పట్టుకుంది. ఆగలేదు. ఆ ఫైలు పంపింది. ఇంకోటి పంపింది. సంతోషించడానికి కూడా భయమేసింది, ల్యాప్‌టాప్ వింటుందేమోనన్నట్టు ఊపిరి బిగబట్టి పనిచేసింది.

"ఏమ్మాయ్, ఇది కుళాయికి వేలాడేశావేం?" అత్తగారు కడియం కొంగుతో తుడుస్తూ వచ్చారు. "మళ్లీ నొప్పి పెడితే ఎవరు పడతారు?"

ఆమె కళ్లు తెరవలేదు. అప్పుడే ఒక మాట అందీ అందకుండా ఊరిస్తోంది. ఎడమచెయ్యి ఎత్తి చాపింది. అత్తగారు కడియం తొడిగారు. చెయ్యి తిరిగి ల్యాప్‌టాప్ అంచు మీద వాలింది.

గొంతు తెగిపోయింది.

ఆమె కళ్లు తెరిచింది. నల్లటి తెరలో తన మొహమూ, వెనక అత్తగారి మొహమూ కనిపించాయి. ఆమె చెయ్యి తీసి బటన్ నొక్కింది. తెర వెలిగేదాకా ఆగి, వేళ్లు ఎక్కడా తగలకుండా పిడికిలి బిగించి, మణికట్టుని మెల్లగా ల్యాప్‌టాప్ ఎడమ మూలకి దించింది. తెర ఆరిపోయింది. మళ్లీ చేసింది. మళ్లీ ఆరిపోయింది.

"నేను ఆపలేదు," అంది ఆమె. "అత్తయ్యా, నేను ఆపలేదు."

మొదట వచ్చింది ఆనందమే, పిచ్చి ఆనందం. తన బుర్ర తిన్నగానే ఉంది. ఆ వెనకే కోపం వచ్చింది, కానీ ఎవరి మీద చూపించాలో తెలియక అక్కడే ఆగిపోయింది. అత్తగారు కుర్చీలో కూలబడ్డారు.

"అయితే ఇదంతా నేనిచ్చిన దానివల్లేనా?"

"మీరేం చేస్తారు అత్తయ్యా, నొప్పనే కదా ఇచ్చారు."

"తగ్గిందా మరి?"

ఆమెకి నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. "తెలీదు అత్తయ్యా."

కడియం తీసి సొరుగులో పడేస్తే ల్యాప్‌టాప్ ఇక ఆగదు. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు, దానంతట అదే బాగైందని ఊరుకోవచ్చు. కానీ అప్పుడు ఆమె అబద్ధాలకోరుగానే మిగిలిపోతుంది. చెబితేనో, ఇంజినీరు గారు ఇక జన్మంతా అత్తగారిని కడియం పేరు చెప్పి ఆటపట్టిస్తాడు. ఆ రెండోది ఆవిడకీ తట్టినట్టుంది. కాసేపు కడియాన్ని వేళ్లతో తిప్పుతూ కూర్చుని, "సాయంత్రం వాళ్లని రానీ," అన్నారు.

*

సాయంత్రం అన్నదమ్ములిద్దరూ బల్ల దగ్గర ఉన్నారు. ఆమె భర్త ఫోన్ వైపూ భార్య వైపూ చూస్తున్నాడు. "ఒక్క మాటే," అని మెల్లగా గుర్తుచేశాడు.

అత్తగారు వంటింట్లోంచి వచ్చి, చేతులు తుడుచుకుని, ల్యాప్‌టాప్ ముందున్న కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆ కుర్చీలో ఆవిడ ఎన్నడూ కూర్చోలేదు.

"అమ్మా, నువ్వు ముట్టుకోకు, ఏదో ఒకటి నొక్కేస్తావు," అన్నాడు మరిది.

"నేనేం నొక్కనురా." ఆవిడ కడియం తొడుక్కుని, తెర వెలుగుతుండగా, అరచెయ్యి పైకి తిప్పి, మణికట్టుని ఆ మూల వాల్చారు. తెర నల్లబడింది. ఫ్యాను ఆగింది.

"ఇప్పుడు చెప్పండి. నేను ఆపానా?"

మరిది వంగి చూశాడు, ఆవిడ చెయ్యి ఎత్తించి, బటన్ నొక్కి తెర వెలిగించి, మళ్లీ పెట్టించాడు. తెర మళ్లీ ఆరిపోయింది. అతని మొహంలో ముందు ఆశ్చర్యం, తర్వాత తెలివి వెలిగాయి. "అయస్కాంతం! మూతలో కూడా ఒకటుంటుందమ్మా. అది దగ్గరికొస్తే ఇది మూత వేసేశారనుకుంటుంది. మామూలుగా అయితే ఊరికే నిద్రపోతుంది, మళ్లీ లేపితే ఎక్కడిదక్కడే ఉంటుంది. పూర్తిగా ఆగిపోయేలా ఎవరో పెట్..."

అక్కడ ఆగాడు.

"ఎవరు పెట్టార్రా?" అన్నారు అత్తగారు.

మరిది చెవులు ఎర్రబడ్డాయి. ఆమె భర్త పెద్దగా ఊపిరి వదిలాడు. "అబ్బ, ఇంత చిన్న సంగతా! ముందే చెప్పొచ్చుగా అమ్మా. నిమిషంలో తేలిపోయేది."

"ముందునుంచీ చెబుతూనే ఉంది, నేను ఆపలేదని," అన్నారు అత్తగారు. "మీరు వినలేదు. నేనూ వినలేదు."

ఆమె గోడకి ఆనుకుని నిలబడి ఉంది. తేలిక పడాల్సిన సమయం. పడలేదు. తను నెత్తీ నోరూ కొట్టుకున్నా చెవికెక్కని మాట, ఆవిడ ఒక్కసారి చెయ్యి పెట్టగానే ఎక్కింది. అదీ బాధే. మరిది ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకుని, బటన్ నొక్కి, "ఆ సెట్టింగ్ మార్చేస్తా వదినా, ఒక్క క్షణం," అన్నాడు.

"ఇలా ఇవ్వు. నేనే మార్చుకుంటా."

అతను ల్యాప్‌టాప్‌ని మళ్లీ పుస్తకాల మీదికి జరిపాడు. ఆమె వంగి సెట్టింగ్ మారుస్తుండగానే ఫోన్ మోగింది. ఎత్తి స్పీకరు నొక్కింది.

"ఏం ఆలోచించుకున్నారండీ?" అంది సూపర్‌వైజరు.

ఆమె చెప్పింది. కడియం సంగతి, మూత సంగతి, నమిలే మాట వినడానికి తను చెయ్యి ఎక్కడ పెడుతుందో, అన్నీ.

"వినడానికి కొంచెం విచిత్రంగా ఉందండీ. నేను పైవాళ్లకి రాయాలి కదా. ఇంట్లో మీవారు గానీ, కంప్యూటర్ తెలిసినవాళ్లు గానీ ఎవరైనా ఉంటే ఒకసారి ఫోన్ ఇస్తారా? వాళ్లు చెబితే రాసుకుంటాను."

స్పీకరులోంచి ఆ మాట అందరికీ వినబడింది. భర్త సాయం చెయ్యబోతున్న ఉత్సాహంతో చెయ్యి చాపాడు. మరిది గొంతు సవరించుకున్నాడు. ఆమె ఆ చాచిన చేతిని చూసింది. ఫోన్‌ని ఇంకో చేతిలోకి మార్చుకుని, పుస్తకాల మీద ఎత్తుగా కూర్చున్న ల్యాప్‌టాప్ ముందు, తన కుర్చీలో కూర్చుంది. అప్పటిదాకా అందులో ఉన్న అత్తగారు లేచి చోటిచ్చారు.

"ఉన్నారండీ. కానీ ఆగింది నా ముందు. నేనే చెబుతాను, మీరు రాసుకోండి."

"అది కాదండీ..."

"మెల్లగానే చెబుతాను. ఎక్కడైనా అందకపోతే అడగండి, వెనక్కి వెళ్లి మళ్లీ చెబుతాను."

అవతల కుర్చీ కిర్రుమంది. కాసేపటికి కీబోర్డు చప్పుడు మొదలైంది. ఆ చప్పుడు అవతలి వైపునుంచి వినడం ఆమెకి అదే మొదటిసారి. ఒక్కొక్క వాక్యం చెప్పి, ఆ చప్పుడు ఆగేదాకా ఆగి, తర్వాతది చెప్పింది. ఏ వాక్యాన్నీ సగంలో వదల్లేదు.

"చివరి మాట అందలేదండీ," అంది సూపర్‌వైజరు ఒకచోట.

ఆమె ఫోన్‌ని నోటికి దగ్గరగా పట్టుకుంది.

"నేను," అంది, "ఆపలేదు."